మట్టి పలకలు చదివిన చేతిపనివాడు – జార్జి స్మిత్

మన సంఘం సావనీరు తెరిస్తే ఎక్కువగా మన పెద్దల జీవితాలే కనబడతాయి. సంఘం కట్టినవాళ్ళు, సొసైటీ నడిపినవాళ్ళు, గుడికీ సత్రానికీ స్థలం ఇచ్చినవాళ్ళు. వాళ్ళ మధ్యలో ఈ ఇంగ్లీషాయన ఎవరు అని మీకు అనిపించవచ్చు. జార్జి స్మిత్ మగ్గం మీద కూర్చున్నవాడు కాదు. కానీ ఆయనా చేతిపనివాడే. పద్నాలుగో ఏట చదువు ఆపేసి పనిలో చేరిన పేదింటి పిల్లవాడు. అలాంటివాడు ప్రాచీన బాబిలోనియా వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ దేవుళ్ళ కథల్ని లోకానికి వినిపించాడు. ముప్పై ఆరేళ్ళకే, ఆ పని మీదే పరదేశంలో ప్రాణం వదిలాడు. ఆయన కథ మన ఇళ్ళల్లో పిల్లలకి చెప్పదగ్గది.

చెక్కుడు పని

జార్జి స్మిత్ 1840 మార్చి 26న లండన్‌లోని చెల్సీలో పుట్టాడు. ఇంట్లో డబ్బు లేదు, పెద్ద చదువు చదివించే స్తోమతూ లేదు. పద్నాలుగో ఏట బ్రాడ్‌బరీ అండ్ ఎవాన్స్ అనే అచ్చు కంపెనీలో పని నేర్చుకోవడానికి పెట్టారు. బ్యాంకు నోట్లు అచ్చు వెయ్యడానికి లోహపు పలక మీద సన్నని గీతలు చెక్కే పని. నోటు మీద గీత వెంట్రుకవాసి పక్కకి పోయినా అది పనికిరాదు. కంటికి, చేతికి, ఓపికకి అదొక పెద్ద బడి. అచ్చులో ఒక్క పోగు తప్పు పడితే బారు పొడుగునా కనబడుతుందని మన ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు కదా. ఆ పనీ అలాంటిదే.

ఆ రోజుల్లో ఇంగ్లండులో అందరి నోటా నినెవే, బాబిలోను పేర్లే వినబడేవి. ఇప్పటి ఇరాక్‌లో, టైగ్రిస్ నది ఒడ్డున మోసుల్ పట్టణానికి ఎదురుగా ఉన్న దిబ్బల్ని లేయర్డ్ అనే ఆయన తవ్వించి, పాత అస్సీరియా రాజుల కోటల్ని బయటపెట్టాడు. ఆ తర్వాత 1853లో మోసుల్‌లోనే పుట్టి పెరిగిన హోర్ముజ్ద్ రస్సాం అక్కడే అషూర్‌బనిపాల్ రాజు కోటని కనిపెట్టాడు. ఈ తవ్వకాల్లో ఆ రాజు పుస్తకశాల దొరికింది. పుస్తకాలంటే కాగితాలు కావు, తాటాకులూ కావు. అరచేతిలో పట్టే మట్టి పలకలు. క్రీ.పూ. 612లో శత్రువులు నినెవేని తగలబెట్టినప్పుడు అవన్నీ పగిలి శిథిలాల్లో పూడిపోయాయి. మట్టివి కాబట్టి నిప్పులో కాలి ఇంకా గట్టిపడ్డాయే గాని బూడిద కాలేదు. వేలకొద్దీ ముక్కలు పెట్టెల్లో లండన్ బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి.

స్మిత్ ఈ సంగతులన్నీ పుస్తకాల్లో చదివాడు. జీతంలో మిగిలిన డబ్బులన్నీ ఆ పుస్తకాలకే పోశాడు. మధ్యాహ్నం భోజనానికి వదిలే కాస్త సమయంలో తినడం సంగతి పక్కన పెట్టి మ్యూజియానికి నడిచి వెళ్ళేవాడు. ఆ పలకల ముందు నిలబడి అక్షరాలు చూసి, మళ్ళీ టైముకి పనిలోకి వచ్చేవాడు. సాయంత్రం పని దిగాక కూడా అదే ధ్యాస. 1863లో మేరీ క్లిఫ్టన్ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. పిల్లలు పుట్టారు. సంసారం, ఉద్యోగం, వీటి మధ్య దొరికిన గంటల్లోనే ఆ భాషని నేర్చుకున్నాడు. నేర్పే గురువు లేడు, బడీ లేదు.

ఆ భాష ఎలాంటిది?

బాబిలోనియా వాళ్ళు మాట్లాడిన భాషని అక్కాడియన్ అంటారు. అరబ్బీ, హీబ్రూ భాషలకి అది చుట్టం. ఉత్తరాన అస్సీరియా వాళ్ళదీ, దక్షిణాన బాబిలోను వాళ్ళదీ ఒకటే భాష, యాసలు వేరు. దానికంటే ముందు ఆ నేల మీద సుమేరియన్ అనే ఇంకో భాష ఉండేది. అది ఏ భాషకీ చుట్టం కాదు. రాత కనిపెట్టినవాళ్ళు ఆ సుమేరు వాళ్ళే. జనం నోట సుమేరియన్ పోయాక కూడా గుళ్ళల్లో, బళ్ళల్లో దాన్ని వెయ్యేళ్ళకు పైగా నేర్చుకుంటూనే వచ్చారు. మన పూజల్లో సంస్కృతం ఉన్నట్టే అనుకోండి.

రాసే పద్ధతి కూడా విచిత్రమే. తడి మట్టిని పలకలా చేసి, రెల్లు పుల్ల మొనతో ఒత్తేవాళ్ళు. ఒత్తిన గుర్తు మేకు ఆకారంలో పడేది. రెండు మేకులు, నాలుగు మేకులు, పది మేకులు రకరకాలుగా కలిస్తే ఒక అక్షరం. మనకి యాభై చిల్లర అక్షరాలు, గుణింతం వస్తే చాలు. వాళ్ళకి కొన్ని వందల గుర్తులు. పైగా ఒకే గుర్తుకి ఒకచోట ఒక శబ్దం, ఇంకోచోట వేరే శబ్దం, మరోచోట అది మొత్తం ఒక మాట. క్రీ.శ. 75 ప్రాంతంలో రాసిన ఒక ఖగోళం పలక తర్వాత ఈ రాత దాదాపు ఆగిపోయింది. ఆ తర్వాత పదిహేడు వందల ఏళ్ళకు పైగా దాన్ని చదవగలిగినవాడు ఈ భూమ్మీద ఒక్కడూ లేడు.

తాళం తీసిన పండితుల్లో ముఖ్యుడు హెన్రీ రాలిన్సన్. ఈయన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1827లో బొంబాయి వచ్చి, తర్వాత పర్షియా వెళ్ళినవాడు. అక్కడ బెహిస్తూన్ కొండ మీద ఒకే శాసనం మూడు భాషల్లో చెక్కి ఉంది. పాత పర్షియన్ సాయంతో మిగతా రెంటినీ పట్టుకోవాలని కొండ ఎక్కి నకళ్ళు తీసుకున్నాడు. ఐర్లండులో హింక్స్ అనే చర్చి ఫాదరు కూడా ఇందులో పెద్ద పని చేశాడు. అయినా జనం నమ్మలేదు. దాంతో 1857లో ఒక పరీక్ష పెట్టారు. కొత్తగా దొరికిన ఒక శాసనాన్ని నలుగురు పండితులు ఒకరికొకరు చెప్పుకోకుండా అనువాదం చేసి, కవర్లు మూసి పంపారు. తెరిచి చూస్తే నాలుగూ చాలావరకు ఒకటే అర్థం చెప్పాయి. ఆనాటికి స్మిత్ వయసు పదిహేడు. లోహపు పలక మీద గీతలు చెక్కుతున్నాడు.

ముక్కలు అతకడం

మ్యూజియంలో తూర్పుదేశాల విభాగం పెద్ద శామ్యూల్ బిర్చ్ ఈ కుర్రాడు రోజూ రావడం గమనించాడు. మాట్లాడితే, మ్యూజియం వాళ్ళకంటే ఇతనికే ఆ పలకల సంగతి బాగా తెలుసని అర్థమైంది. రాలిన్సన్‌కి పరిచయం చేశాడు. మొదట సాయంత్రాలు ముక్కలు శుభ్రం చేసి, ఏది దేనికి అతుకుతుందో చూసే పని ఇచ్చారు.

ఇక్కడే చెక్కుడు పని అక్కరకొచ్చింది. పెద్ద పెద్ద పండితులకి వ్యాకరణం వచ్చు. కానీ వేలకొద్దీ విరిగిన ముక్కల్లో ఈ అంచు ఆ అంచుకి సరిపోతుంది, ఈ చేతిరాత ఆ చేతిరాత ఒకటే అని పట్టే కన్ను స్మిత్‌దే. తెగిన పోగుల్ని వెతికి ఒక్కొక్కటీ అతికే మన ఆడవాళ్ళకి ఆ పని ఎంత కష్టమో, ఎంత ఓపిక కావాలో వేరే చెప్పక్కర్లేదు. 1866లో ఇజ్రాయెల్ రాజు యేహు అస్సీరియా రాజుకి కప్పం కట్టిన సంవత్సరం ఏదో పలకల్లోంచి పట్టుకుని మొదటిసారి పేరు తెచ్చుకున్నాడు. 1867లో మ్యూజియం వాళ్ళు ఉద్యోగంలోకి తీసుకున్నారు. నోట్ల చెక్కుడు పని అక్కడితో సరి. 1871లో అషూర్‌బనిపాల్ చరిత్రని మూలంతో సహా అచ్చు వేయించాడు.

జలప్రళయం కథ

1872లో ఒకరోజు పురాణ కథల పలకల్ని వేరు చేస్తుండగా ఒక ముక్క చేతికొచ్చింది. ఒక ఓడ కొండ మీద ఆగిందని, పావురాన్ని వదిలితే దిగడానికి చోటు లేక తిరిగొచ్చిందని అందులో ఉంది. బైబిల్లో నోవా కథ తెలిసిన ఏ ఇంగ్లీషువాడికైనా గుండె ఆగే సంగతి అది. పలక మీద కొంత భాగాన్ని మట్టి, సున్నం కప్పేసి ఉంది. దాన్ని శుభ్రం చేసే నేర్పరి ఊళ్ళో లేడు. ఆయన వచ్చేదాకా స్మిత్ కాలుగాలిన పిల్లిలా తిరిగాడట. శుభ్రమైన పలక చేతికొచ్చి, కింది పంక్తులు చదివాక సంతోషం పట్టలేక గదిలో అటూ ఇటూ పరుగెత్తాడని, ఒంటిమీద బట్టలు విప్పడం మొదలుపెట్టాడని తర్వాతి తరం మ్యూజియం పండితుడొకాయన రాశాడు.

ఆ సంవత్సరం డిసెంబరు 3న లండన్‌లో ఒక సభలో స్మిత్ ఆ కథ చదివి వినిపించాడు. ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ కూడా వచ్చి కూర్చున్నాడు. బడి సరిగ్గా చదవని చెక్కుడు పనివాడు మాట్లాడుతుంటే దేశాన్ని ఏలే మంత్రి విన్నాడు.

కథ క్లుప్తంగా ఇదీ. ఉరుక్ అనే పట్టణానికి గిల్గమేష్ రాజు. ప్రాణస్నేహితుడు ఎంకిడు చచ్చిపోతే, తనకీ చావు తప్పదని భయం పట్టుకుంది. చావు లేని మనిషి ఒకడున్నాడని విని లోకం చివరిదాకా వెళ్ళాడు. ఆ మనిషి పేరు ఉత్నపిష్టిం. ఆయన తన కథ చెప్పాడు. ఎన్‌లిల్ దేవుడు మనుషుల్ని వరదతో ముంచెయ్యాలని తీర్మానించాడు. ఇయా అనే దేవుడికి జాలి కలిగింది. రహస్యం బయటపెట్టకూడదని ఒట్టు ఉంది కాబట్టి, మనిషితో కాకుండా ఇంటి రెల్లు గోడతో మాట్లాడుతున్నట్టు ఆ సంగతి చెప్పేశాడు. ఉత్నపిష్టిం ఓడ కట్టి, తారు పూసి, ఇంటివాళ్ళని, చేతిపనివాళ్ళని, జంతువుల్ని ఎక్కించుకున్నాడు. ఆరు పగళ్ళు ఏడు రాత్రులు వాన. దేవుళ్ళు కూడా హడలిపోయారు. ఓడ కొండకి ఆనాక పావురం వెళ్ళి తిరిగొచ్చింది, వానకోయిల వెళ్ళి తిరిగొచ్చింది, కాకి తిరిగి రాలేదు. నేల తేలిందని తెలిసింది. మత్స్యావతారం కథ వింటూ పెరిగిన మనకి ఇది మరీ కొత్తగా అనిపించదు. ఓడలో చేతిపనివాళ్ళని కూడా ఎక్కించుకోవడం మాత్రం మనం గుర్తుపెట్టుకోవాల్సిన మాట. లోకం మళ్ళీ మొదలుపెట్టాలంటే పని తెలిసినవాళ్ళు కావాలని వాళ్ళకి ఆనాడే తెలుసు.

స్మిత్ తప్పులు కూడా చేశాడు. గిల్గమేష్ పేరుని ఇజ్దుబార్ అని చదివాడు. ఆ గుర్తుల్ని అలా చదవడానికీ వీలుంది మరి. సరైన పేరు ఆయన పోయాక గాని తేలలేదు.

దిబ్బల మీద

పలక విరిగిపోయి కథలో కొంత భాగం లేదు. డైలీ టెలిగ్రాఫ్ పత్రిక సంపాదకుడు ఎడ్విన్ ఆర్నాల్డ్ వెయ్యి గినీల ఖర్చు మేం పెట్టుకుంటాం, వెళ్ళి వెతకమని స్మిత్‌ని అడిగాడు. ఈ ఆర్నాల్డ్ అంతకుముందు మన పుణేలో కాలేజీ ప్రిన్సిపాలుగా పనిచేసినవాడు. తర్వాత బుద్ధుడి జీవితం మీద లైట్ ఆఫ్ ఏషియా రాసింది కూడా ఈయనే.

1873 జనవరిలో స్మిత్ బయల్దేరాడు. అనుమతి కాగితాల కోసం తిరగడానికే నెలలు పట్టింది. మే నెలలో నినెవే దిబ్బ తవ్వడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే, పాత తవ్వకాల మట్టిలోంచి ప్రళయం కథలోని ఇంకో ముక్క దొరికింది. వేల ముక్కల్లో కావలసిన ముక్కే దొరకడం అదృష్టం అనాలి. అది నిజానికి అదే పలకది కాదనీ, అదే కథని చెప్పే ఇంకో పాత కావ్యంలోదనీ తర్వాతివాళ్ళు తేల్చారు. వార్త దొరికింది కదా, చాలు అనుకుంది పత్రిక. స్మిత్‌కి ఇంకా తవ్వాలని ఉన్నా తిరిగి రావలసివచ్చింది. అదే ఏడాది చివర మ్యూజియం ఖర్చుతో రెండోసారి వెళ్ళి, 1874లో ఇంకా పలకలు తెచ్చాడు. వచ్చాక వరసగా పుస్తకాలు రాశాడు. సృష్టి ఎలా మొదలైందో బాబిలోను వాళ్ళు చెప్పుకున్న కథ కూడా ఆయన వల్లే మొదటిసారి జనానికి తెలిసింది. మార్దుక్ దేవుడు తియామత్ అనే సముద్రపు తల్లిని చంపి, ఆమె శరీరంతో ఆకాశాన్నీ భూమినీ చేశాడని ఆ కథ. బాబిలోనులో వసంతకాలంలో, మన ఉగాది వచ్చే రోజుల్లోనే, అకీతు అనే కొత్త సంవత్సరం పండగ పన్నెండు రోజుల పాటు చేసేవాళ్ళు. ఆ పండగలో ఈ కథని దేవుడి ముందు చదివేవాళ్ళు.

నేతవాళ్ళం కాబట్టి ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఈ పలకల్లో దేవుళ్ళు రాజులే కాదు, మనలాంటివాళ్ళూ ఉన్నారు. సుమేరు వాళ్ళకి ఉత్తు అని నేతకి ఒక దేవత ఉండేది. క్రీ.పూ. 1900 ప్రాంతంలో అషూర్ పట్టణం ఆడవాళ్ళు ఇంట్లో నేసిన బట్టల్ని గాడిదల మీద ఇప్పటి టర్కీ దాకా పంపేవాళ్ళు. నేత ఎలా ఉండాలి, ధర ఎంత పలికింది, డబ్బు ఎందుకు పంపలేదు అని మొగుడూ పెళ్ళాలు రాసుకున్న ఉత్తరాలు తర్వాతి కాలం తవ్వకాల్లో దొరికాయి. సిప్పర్ పట్టణంలో సూర్యదేవుడు షమష్ గుడికి ప్రత్యేకంగా నేతగాళ్ళు ఉండేవాళ్ళు. పండగ రోజుల్లో విగ్రహాలకి కట్టే బట్టలు వాళ్ళే నేసేవాళ్ళు. మనం దేవుడికి పట్టుబట్టలు సమర్పించడం లాంటిదే.

ఆఖరి ప్రయాణం

మ్యూజియం వాళ్ళు మూడోసారి పంపారు. అప్పటికి ఇంట్లో చిన్న పిల్లలు. అయినా వెళ్ళాడు. ఈసారి ఏదీ కలిసిరాలేదు. అనుమతులు ఆలస్యం, దారిలో అంటురోగాలు, కట్టడులు. తోడు వచ్చిన ఫిన్లాండు పండితుడు కలరాతో పోయాడు. బాగ్దాద్‌లో మాత్రం ఒక మంచి పని జరిగింది. బాబిలోను దిబ్బల్లో ఊరివాళ్ళకి దొరికిన పలకల్ని రెండు వేలకు పైగా కొన్నాడు. ఎగిబి అనే వ్యాపార కుటుంబం అయిదు తరాల లెక్కలు అవి. అప్పు పత్రాలు, పొలం కొన్న కాగితాలు, పెళ్ళి ఒప్పందాలు. ఒక షావుకారు ఇంటి చిట్టాలు రెండున్నర వేల ఏళ్ళ తర్వాత బయటపడ్డాయన్నమాట.

తవ్వకం సాగక, మండుటెండల్లో గుర్రం మీద వెనక్కి బయల్దేరాడు. అలెప్పో పట్టణం ఇంకా చాలా దూరం ఉండగా ఒక చిన్న పల్లెలో విరేచనాల జబ్బుతో పడిపోయాడు. అక్కడ డాక్టరు లేడు. ఆ స్థితిలో కూడా డైరీ రాశాడు. తన పని అంతా విద్య కోసమే చేశానని, తన బాధ్యత పూర్తిగా నెరవేర్చానని, చావుకి భయం లేదుగాని పిల్లల కోసం బతకాలని ఉందని ఆ రాతల సారాంశం. తాను సేకరించిన పలకల్ని, రాసుకున్న నోట్సుని చదువుకునేవాళ్ళందరికీ తెరిచి ఉంచమని కూడా కోరాడు. ఎలాగో అలెప్పోకి చేర్చారు. అక్కడ 1876 ఆగస్టు 19న చనిపోయాడు. భార్యాపిల్లలకి ప్రభుత్వం ఏడాదికి 150 పౌండ్ల భరణం ఇచ్చింది.

నేర్చుకున్న విద్యని తన పేరు కింద దాచుకోకుండా అందరికీ తెరిచి ఉంచమని చావు ముందు అడగడం, నాకైతే ఆయన చదివిన పలకలన్నిటికంటే పెద్ద సంగతి అనిపిస్తుంది. మన కులవృత్తిలో ఎన్నో కిటుకులు చెప్పకుండా పోయినవాళ్ళతోనే పోయాయి. ఆయన పోయినా పని ఆగలేదు, ఆయన వదిలిన ముక్కల్ని ఇంకొకరు అతికారు. ఇవాళ్టికీ అతుకుతూనే ఉన్నారు.

చివరగా ఒక్క మాట. బాబిలోను భాష ఒక్కరోజులో చావలేదు. ముందు బజార్లో పోయింది, తర్వాత ఇంట్లో పోయింది, గుడిలో కొన్నాళ్ళు నిలిచింది, ఆఖరికి చదివేవాడే లేకపోయాడు. లెక్కలు, ఉత్తరాలు, కథలు అన్నీ ఉన్నాయి, చదివే మనిషి లేడు. మన తాతలు ఊళ్ళు వదిలి కన్నడ సీమకీ, తమిళ దేశానికీ, షోలాపూరు వైపుకీ, ఒడిశాకీ మగ్గాలతో పాటు తెలుగుని కూడా మోసుకొచ్చారు. ఇళ్ళల్లో ఇంకా మాట్లాడుకుంటున్నాం. కానీ అటక మీద తాతగారి నూలు లెక్కల పుస్తకం తీస్తే, అందులో రాసింది ఎంతమంది మనవలు చదవగలరు? మన రాతని మళ్ళీ చదవడానికి ఎవరో జార్జి స్మిత్ పుట్టేదాకా ఆగక్కర్లేదు. ఈ దసరా సెలవుల్లో ఆ పుస్తకం దింపి, పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క అక్షరం చూపిస్తే చాలు.